దొంగజేబు

బరంపురం గిరి మార్కెట్టు వెనక
దండాసి మిషను తొక్కుతూనే చెప్తున్నాడు:

డబ్బులన్నీ ఒక్కకాడ పెట్టీకు నాయుడా.
నడుంపట్టీలో దొంగజేబు కుడతన్నాను,
రెండు పెద్దనోట్లు దాన్లో. ఎవులికీ సెప్పీకు.
ఎయిర్‌పోర్టు అద్దాలగదిలో రేటంటే
ఠాకురాణి జాతర్లో పూల రేటే;
బస్సుకి సరిపడా మార్చు, మిగతాది ఊళ్ళోకెళ్ళి.
వచ్చినప్పుడు చిల్లర తేకు,
ఇక్కడెవులూ తీసుకోరు.

నువ్వెప్పుడెళ్ళావు దండాసీ?

నానెక్కిన రైలు ఇచ్ఛాపురం దాటనేదు.
తిరిగొచ్చిన పేంట్లు సెప్తాయి,
ఏ జేబు తెగిందో
ఏ జేబులో ఏటీ పడనేదో.

కూలి అరవై. వంద ఇచ్చాను.
నలభై లెక్కపెట్టి, బొత్తాల డబ్బా కెలికి
రెండు మస్కట్ బిళ్ళలు నా అరచేతిలో వేశాడు:
దిగ్గానే, టీకి.