పరగడుపు

రుమైతియాలో చలికాలం తెల్లారుజాము.
బాంగుకు ఇంకా పాతిక నిమిషాలుంది.
వంటింట్లో పెద్దలైటు వెయ్యకుండా
చీమ తలకాయంత తెల్లమాత్ర నాలిక మీద పెట్టుకొని
గుక్కెడు నీళ్లు మింగుతా.
ఇంక అరగంట టీ లేదు, రొట్టె లేదు.

ఏడేండ్లు అందరూ నా కడుపునే తిట్టినారు.
మా అత్త మొక్కులు కడుపుకే,
తాయెత్తు నడుముకే.
ఎవురూ గొంతు తట్టు చూడలే.
రెండుసార్లు నిలిచింది.
మూడోనెల దాటకముందే పోయింది,
ఒకటి సుండుపల్లెలో,
ఒకటి ఇక్కడే, ఇస్త్రీబల్ల పక్కన,
సగం మడిచిన దిష్‌దాషా చేతిలో ఉండంగానే.

ఫర్వానియా ఆస్పత్రిలో ఈజిప్టు డాక్టరమ్మ నెవీన్
నా మెడకు రెండువేళ్లు ఆనించి
మింగమన్నది. మింగినా.
ఆ ఒక్క గుటకలో ఆమెకేం దొరికిందో
నెత్తురు చీటీ రాసింది.

వారం తర్వాత చెప్పింది, అరబ్బీతో కొంత, చేతులతో కొంత.
థైరాయిడంట. బయటినుంచి వచ్చిన రోగం కాదు.
నీ ఒంటిని కాచే కావలోళ్లే
నీ గొంతులో గ్రంథిని పరాయిదనుకున్నారు అని.
యాంటీబాడీలని వాటికి పేరు.
నాకు బాగా అర్థమయింది.
జలీబ్ సందుల్లో చూసినా గదా,
అర్ధరాత్రి వ్యాను నిలిపి
అకామా తియ్యమనేది.
కానీ ఇది నాతోనే పుట్టింది సారూ,
నాతోనే చనుబాలు తాగింది,
దీనికేం అకామా?
పుట్టినింట్లోనే ఖల్లివెల్లి అయిపోయింది పాపం.

మాత్రేస్తే వాళ్లు ఆగుతారా అంటి.
ఆగరు. తక్కువబడిన రసం మాత్రం పోస్తాది.
బిడ్డ నిలుస్తాదా?
డాక్టరమ్మ ఇన్షా అల్లా అనలేదు. అందుకే నమ్మినా.
అంకె రెండున్నర కిందికి దిగనీ, అన్నది. అప్పుడు చూద్దాం.

ఓబులేసు సాల్మియాలో హౌస్ డ్రైవరు.
శుక్రవారం మధ్యాన్నం మూడు గంటలు మా సంసారం,
అదీ వాళ్ల ముసలాయన చేపల మార్కెట్టుకు పోకపోతే.
చీటీ చూపిస్తే
పెట్రోలు ముల్లు చూసినట్టు చూసినాడు.
"ఇంకా పైనే ఉండాదే" అన్నాడు.
నన్ను మాత్రం ఏమీ అనలే.

మొన్న అల్మారా తుడస్తాంటే
మేడమ్ మందుల పెట్టెలో అదే డబ్బా.
అదే చీమ తలకాయ,
నాకన్నా డోసు రెట్టింపు.

ఈ దేశంలో బిడ్డ పుడితే తల్లి పేరు మారుతాది,
ఉమ్ ఫలానా అంటారు.
పదకొండేండ్లుగా ఈమె ఒట్టి హెస్సా.
మా ఊర్లో నాకూ ఒక పేరుంది,
సీమంతాల కాడ నోటికి చెయ్యడ్డం పెట్టుకొని పిలిచేది.
ఆమెకు రావాల్సిన పేరు రాలే.
నాకు అడగని పేరొచ్చింది.

ఈపొద్దు గ్లాసు కడుగుతాంటే
వెనక చెప్పుల చప్పుడు.
జుట్టు ముడి లేకుండా మేడమ్, చేతిలో మాత్ర.
నా డబ్బా తట్టు చూసింది.
తన మెడ మీద వేలు పెట్టుకొని
"ఇంతి బాద్?" అన్నది.
నువ్వూనా అని.
తలూపినా.

కుర్చీ కాలితో ఇటు నెట్టింది.
నాలుగేండ్లలో నన్ను కూచోమనడం అదే మొదలు.
బల్లకు అటు ఆమె, ఇటు నేను,
స్టవ్ మీద ఖాళీ కెటిల్.
ఎన్ని పోయినాయో ఆమె చెప్పలే, నేనడగలే.
ఫ్రిజ్జు మాత్రం గుర్రుమంటానే ఉంది.

బాంగు మొదలయింది.
టీలో చక్కెర తక్కువెయ్, అని లేచి
నమాజుకు పోయింది.

గడియారం చూసినా.
ఇంకా నాలుగు నిమిషాలు.