హాజరైన ప్రజలు: ఒకరు

పాల ట్యాంకర్ తోలేదాన్ని నేను.
ఈ లోయలో ఎవరి గేటు ఎటు వాలుతుందో,
ఎవరి కుక్క టైరు వెంట ఎంతదూరం ఉరుకుతుందో తెలుసు.
కౌన్సిల్‌కి నిలబడ్డ తొమ్మిది మందిలో
ఏడుగురి కొట్టాలు కళ్ళు మూసుకుని చెప్పగలను.
మనుషుల గురించి మాత్రం అడక్కండి.

అక్టోబర్. ఇక్కడ వసంతం, పాలు పొంగే నెల.
పోస్టులో బ్యాలెట్ కవరు వచ్చింది,
దాంతో ఒక చిన్న పుస్తకం:
తలా నూట యాభై మాటలు, తలా ఒక ఫోటో.
అందరికీ ఊరంటే ప్రాణమే.
అందరూ పన్నులు తగ్గించి పైపులు మార్చేవాళ్ళే,
ఒకే వాక్యంలో, మధ్యన ఊపిరైనా తీసుకోకుండా.
ఒకాయన కుక్కతో ఫోటో దిగాడు.
కుక్క నిజాయితీగానే ఉంది.

ఇన్నాళ్ళూ పైనున్న రెండు పేర్లకి టిక్కు పెట్టి
టీ తాగేదాన్ని.
పోయిన చలికాలం పదకొండు రోజులు
ఆ టీనీళ్ళే తుప్పు రంగులో వచ్చాయి.
అందుకని ఈసారి ఒక నోటు పుస్తకం కొన్నాను.

హార్డ్‌వేర్ షాపు డెస్మండ్ టారంట్‌ని
నీళ్ళ సంగతేమిటని అడిగితే
నీళ్ళు నమిలాడు.
పోతూ పోతూ ఒక తాళంకప్ప చవగ్గా అంటగట్టాడు.
లోర్నా పెథరిక్ ఇంట్లో కూర్చోబెట్టి స్కోన్ పెట్టింది.
స్కోన్ రుచి ఇంకా నాలుక మీదుంది,
ఆమె జవాబే గుర్తులేదు.
ఆసుపత్రి నర్సు హినెరంగి
"నాకింకా తెలీదు, చదువుతున్నా" అంది.
దాని కింద రెండు గీతలు గీశాను.

సెలవు రోజున లైబ్రరీలో
పదకొండేళ్ళ మినిట్స్ ముందేసుకున్నాను.
పైపుల విషయం పరిశీలించడమైనది.
పైపుల విషయం వాయిదా వేయడమైనది.
వాయిదా విషయం పరిశీలించడమైనది.
నిద్ర మీద నిద్ర తోసుకొస్తోంది,
ప్రతి కాగితం అడుగునా ఒక ముక్క:
హాజరైన ప్రజలు: ఒకరు.

వానలో ఒకరు. దూడలు పుట్టే నెలలో ఒకరు.
రగ్బీ ఫైనల్ రాత్రి కూడా ఒకరు.

ఎవరా ఒకరు?

కౌన్సిల్ ఆఫీసు గుమ్మం దగ్గరి సందర్శకుల పుస్తకం తిరగేశాను.
గాలంలా వంకర తిరిగిన అదే సంతకం, అదే సంతకం.
ఎల్విన్ క్రడాక్.
చిన్న పుస్తకంలో ఆరో పేజీ, ఫోటో లేదు.
"నేను మీటింగులకి వెళ్తాను. ఇకముందూ వెళ్తాను."
మిగిలిన నూట నలభై పైచిలుకు మాటలు
ఖాళీగా వదిలేశాడు.

నాకు వొళ్ళు మండింది.
ఎందుకంటే ఆ క్రడాకే
మూడేళ్ళ కిందట నా చక్రం అతని గట్టు గడ్డి తొక్కిందని
కంపెనీకి ఉత్తరం రాసినవాడు.
రెండు షిఫ్టుల జీతం పోయింది నాకు.

అయినా వెళ్ళాను.
లోపలికి రమ్మనలేదు.
గేటుకి ఆవలే నిలబడి, ఏ వీధిలో ఎన్ని గజాల పైపు,
పందొమ్మిది వందల అరవై ఒకటిలో ఎవరు వేశారు,
ఎక్కడ అతుకు వేసి ఊరుకున్నారు,
ఇంట్లో పిల్లల పుట్టినరోజులు చెప్పినట్టు చెప్పాడు.
"గెలిస్తే ఏం చేస్తావు?"
"ముందు తవ్వి చూడాలి."
కాసేపాగి, "ఆ గడ్డి మళ్ళీ మొలవలేదు" అన్నాడు.

రెండు టిక్కులు పెట్టుకోవచ్చు.
ఒకటి హినెరంగికి, తడుముకోకుండా.
రెండోదానికి పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది.
గడ్డి గుర్తొచ్చింది.
కెటిల్ మరుగుతోంది.
అది మరిగి దానంతటదే ఆగిపోయాక
కవరు అంటించాను. రుచి చేదు.

మంగళవారం పాత కౌన్సిల్ ఆఖరి మీటింగు.
బూట్లకింకా పాల వాసన.
ప్రజలకి పన్నెండు కుర్చీలు.
కిటికీ పక్క కుర్చీలో క్రడాక్, తల తిప్పలేదు.
గుమ్మం దగ్గర పుస్తకం, దారానికి కట్టిన పెన్ను.
గీశాను. పడలేదు. మళ్ళీ గీశాను.
పదకొండేళ్ళ ఇంకు ఒక్కడే వాడేసినట్టున్నాడు.

సంచీలో వెతుక్కుంటున్నాను:
ట్యాంకర్ తాళాలు, పాల లెక్కల చీటీలు,
కొత్త తాళంకప్ప,
ఎక్కడో ఒక పెన్సిలుండాలి.