గల్లాపెట్టె

తీర్పు వచ్చి పదకొండు నెలలు.
ఫ్రిజ్ తలుపు మీద, బాతుబొమ్మ అయస్కాంతం కింద
కరెంటు బిల్లులతో కాపురం చేస్తోంది.
కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు,
గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు.
ఆ మాట స్టాక్టన్‌లో కూడా చెల్లుతుందని
నాకెవరూ చెప్పలేదు.

మూడు వేల ఎనిమిది వందల నలభై డాలర్లు.
ఒక కంప్రెసరు, రెండు ఫ్యాన్లు,
జ్వరం లెక్కన నూట ఆరు కాసిన జులై పగలు,
రాత్రయినా చల్లారని గోడలు,
నా మోకాళ్ళు.
కొట్లో మేకమాంసం కరిగిపోతోందని
కాళ్ళావేళ్ళా పడ్డ తారకేశ్వర్
"పొద్దున్నే పంపిస్తా" అన్నాడు.
ఏ పొద్దో చెప్పలేదు.

జడ్జిగారు నాలుగు నిమిషాల్లో తేల్చేశారు.
వసూలు మాత్రం మీ తిప్పలే, అంది
అద్దం వెనక గుమాస్తా, స్టేపిల్ దిగ్గొడుతూ.
బ్యాంకు ఖాతా పట్టిస్తే పంతొమ్మిది డాలర్లు.
కారు భార్య పేర. ఇల్లు బావమరిది పేర.
గల్లాపెట్టె ఒక్కటే
ఎవరి పేరా రాయడం మర్చిపోయాడు.

ఇంకో కాగితం, ఇంకో రుసుము.
శుక్రవారం సాయంత్రం డెప్యూటీ ఒరోస్కో
నడుముకి తుపాకీ, చేతిలో నా గెలుపూ పట్టుకొచ్చి
మీరు బండిలోనే ఉండండి అన్నాడు.
ఉన్నాను.
అద్దంలోంచి, అరటికాయల గెల పక్కనుంచి చూశాను:
కౌంటర్లో మాయ్, కాలేజీ పిల్ల,
రెండు చేతులూ పైకెత్తేసింది.
దోపిడీ అనుకుంది పాపం.

ఒంట్లు, ఐదులు, ఇరవైలు. చిల్లర పొట్లాలు కూడా చింపి లెక్కపెట్టాడు.
గోంగూర కట్ట పట్టుకున్న పెద్దావిడ
తనకి రావలసిన రెండు డాలర్ల కోసం కదలకుండా నిలబడింది.
చివరికి ఆయనే తీసిచ్చాడు,
నా బాకీలోంచి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంటికి అమీనా వచ్చాడు.
జప్తులో ఇత్తడి బిందె. నిండు బిందె.
నీళ్ళు ఒంపుకోమ్మా అని గడప అవతలే నిలబడ్డాడు.
అమ్మ కనకాంబరాలకి పోసింది,
మొక్క మొక్కకీ, ఏ తొందరా లేకుండా.
అవతల బండిలో ఎవరైనా కూర్చుని
మమ్మల్ని చూస్తున్నారేమో
అప్పుడు నాకు తట్టలేదు.

ఆరు వందల పన్నెండు, అన్నాడు ఒరోస్కో, రసీదు చింపి.
ఖర్చులు అందులోంచే పోతాయట.
మళ్ళీ కావాలంటే మళ్ళీ రుసుము.

ఆయన వెళ్ళిపోయాక కూడా
బండి తియ్యలేదు నేను.
కొట్టు నెత్తిన నేను బిగించిన యంత్రం తిరుగుతోంది.
అలవాటు చొప్పున చెవి అటే పోయింది.
రెండో ఫ్యాను బేరింగు గీరుతోంది, సన్నగా.
ఇంకో మూడు వారాలు, మహా అయితే.

లోపల మాయ్ ఖాళీ గల్లాపెట్టె
మూసి, తెరిచి, మూసింది.
నా చెయ్యి
బండి తాళం మీద ఉంది,
పనిముట్ల సంచి వెనకసీటులో.