చదివింపులు

మా నాయినది ముత్యాల చేతిరాత.
నకిరేకల్ల ఏ పెండ్లయినా
పందిట్ల టేబుల్ ముందు, పొడుగు నోటుబుక్కుతోని ఆయనే.
"కట్టంగూరు మేకల బుచ్చిరాములు, నూటపదార్లు"
మైకుల ఊరు, పేరు, పైకం.
రేపు వాళ్లింట్ల శుభకార్యమైతే
ఆ పుస్తకం తీసి చూసుకునేది,
మనం తిరిగి ఎంత చదివియ్యాల్నో.

ఇప్పుడు నేనూ గదే పని.
నల్లగొండ బైపాసు పక్కన, క్యాన్సర్ సంస్థ లైబ్రరీల
మార్చి నెల మార్చంతా
ఎవరి పేపరును ఎవరు ఉదహరించిన్రు,
ఏ దేశంల కూసొని, ఎన్నిసార్లు.
ఢిల్లీకి పంపాలె. వచ్చే ఏటి గ్రాంటు దీని మీదనే.

అయిదేండ్లల్ల పేపర్లు నూట నలభై రెండు.
సైటేషన్లు పదకొండు వందల ఆరు.
హెచ్-ఇండెక్సు పద్నాలుగు.
గదేందని అకౌంట్స్ సత్తెన్న అడిగితే చెప్పిన:
పద్నాలుగు పెండ్లిండ్లకు, ఒక్కోదానికి
పద్నాలుగు మందికి తక్కువ గాకుండ వచ్చిన్రన్నట్టు.
"మరి భోజనాలు?" అన్నడు.

యాభై మూడు పేపర్లను ఎవ్వరూ ముట్టలె.
వడ్డించిన విస్తరి ముందు ఎవరూ కూసోనట్టు.

డైరెక్టర్ గారు అద్దాలు పైకి జరిపి
"మనది మనం ఉదహరించుకున్నయి గూడ కలుపు" అన్నరు.
మన పెండ్లికి మనమే చదివించుకునుడు.
నాయినైతే రాయకపోవు.
నేను పక్కన ఇంకో గడి గీసి రాసిన: రెండు వందల పద్దెనిమిది.
ఆయన చూసిండు. ఏమనలే.

అన్నిట్ల మొదటిది నోటి క్యాన్సర్ పేపరు.
ముప్పై ఎనిమిది మంది రోగులు, అరవై ఒక్క సైటేషన్లు:
సియోలు, లియోను, గువాహటి...
రెండో పట్టికల నంబరు నాలుగు:
స్త్రీ, యాభై రెండు, వ్యవసాయ కూలి, ఎడమ దవడ.
కింద సన్నక్షరాలల్ల:
'ఏడుగురి జాడ తెలియరాలేదు.'

మా జిల్లాకు కొలిపించుకునుడు కొత్త గాదు.
ముందు బోరు నీళ్లు కొలిచిన్రు, ఆ తర్వాత పండ్లు,
ఆ తర్వాత వంగిన ఎముకలు.
సీసాలు పోయినయి, రిపోర్టులు వచ్చినయి,
నీళ్లే తీరుబాటుగ వచ్చినయి.

ఫీల్డు పర్వతాలు రచయితల వరుసల లేడు.
కృతజ్ఞతలల్ల 'తదితరులు' అన్న మాటల ఉన్నడు.
చందంపేట బస్సు, ఆడికెల్లి ఆటో, ఆడికెల్లి నడక.
పోయిన బేస్తారం నంబరు నాలుగు దొరికింది.
పల్లికాయ తెంపుతున్నదట. పేరు ఈదమ్మ.
జాడ పోయింది ఆమెది కాదు,
ఫోను నంబరుల ఒక అంకె మనమే తప్పు కొట్టినం.

ఒక పక్క దవడ లేకున్నా మాట ఖణేల్మన్నదట:
"నా దవడ మీద ఏందో రాసిన్రంట, ఎవలన్న సదివిన్రా?"
అరవై ఒక్క మంది అమ్మా.
"అబ్బో! నా బిడ్డ లగ్గానికి గూడ గంతమంది సదివియ్యలే."
కొంచెం సేపు ఆగి,
"పేర్లు రాసి పెట్టిన్రా మరి? తిరిగి మనం గూడ పెట్టాలె గద."

ఏడు కొట్టేసి ఆరు చేసి
పత్రికకు సవరణ పంపిన్రు డాక్టర్లు. అచ్చయింది.
దానికి సైటేషన్లు ఇప్పటికి సున్న.

రాత్రి అందరు పోయినంక
ఒక పొడుగు నోటుబుక్కు తీసిన.
సియోలు పార్కు గారు, ఒకటి.
గువాహటి బరువా గారు, రెండు.
ఊరు, పేరు, నాయిన రాసినట్టే, కొమ్ములు దీర్ఘాలు దిద్ది.
పైకం గడిల ఏం రాయాల్నో తోచలే.
పర్వతాలు తెచ్చిన పల్లికాయ ఒకటి వలిచి నోట్లేసుకున్న.
పచ్చిది. ఇంకా మన్ను వాసన.