మార్చి ముప్పయ్యొకటి

ఎర్రగుంట్ల దాటినాక మా ఊరు.
బడికి ఆరు పిల్లర్లు లేసినాయి, స్లాబు లేదు.
మార్చి ముప్పయ్యొకటి సాయంత్రం
డబ్బు పడిందని ఫోనొచ్చింది.
రాత్రికి వెనక్కి పోయిందని ఇంకో ఫోను.
ఆ మధ్యలో మేం సంగటి తింటా ఉన్న్యాం.

మేస్త్రి దస్తగిరి ఎంబుక్కు తిరగేసి
"నా కూలి ఇందులో యాడుంది సార్?" అన్న్యాడు.
ఇంజనీరు వేలు పెట్టిన చోట
టీ మరక ఉంది.

మూడో పిల్లరు మీద రమీజా
ఏటేటా తన ఎత్తుకు బొగ్గుతో గీత గీసుకునింది.
నాలుగు గీతలు.
ఈ జూన్‌లో టీసీ తీసుకోని
జమ్మలమడుగు పోయింది.

సిమెంటుకేం, మాకు కరువు లేదు.
ఫ్యాక్టరీ గాలి ఇటు మళ్లితే చాలు,
చింతచెట్టు కింద
తెరిచిన పుస్తకాల మీద సన్నగా రాలతాది,
సంతకం అడక్కుండా.

పిల్లోళ్లు ఉఫ్‌మని ఊది
పేజీ తిప్పుకుంటారు.