రుచి అనే గడి

మొదటిరోజు పటమే రాలేదు.
పైన శీర్షిక, పక్కన జిల్లాల జాబితా,
నడుమ తెల్లటి ఖాళీ.
ఎత్తు చెప్పడం మరిచాను.
ఎత్తు చెప్పని పటం సున్నా ఎత్తున పడుకుంటుంది,
ఉంటుందిగానీ కనపడదు,
మా కెలిమానె ఊరిలాగే.

నాలుగు వందల పిక్సెళ్లు అని రాశాను.
లేచి కూర్చుంది.

రెండోరోజు పంపులన్నీ అట్లాంటిక్‌లో తేలాయి.
అక్షాంశం గడిలో రేఖాంశం, దాని గడిలో ఇది.
పప్పులో కాలెయ్యడం అందరూ చేసేదే,
నేను నూట ముప్పై ఆరు చేతిపంపుల్ని
మదైరా దీవికి ఉత్తరాన
నడిసముద్రంలో పాతేశాను.
వెనక కుర్చీలోంచి దోనా ఇర్మెలిందా నవ్వింది:
"ఒకప్పుడు ఓడలు అటునుంచి వచ్చాయి.
ఇప్పుడు మన నీళ్లే అటు బయల్దేరాయా, ఫెలిజార్దా?"
వరసలు తారుమారు చేసి
వాటిని ఇంటికి తోలుకొచ్చాను.

ఇప్పుడు జిల్లా ఎంచుకుంటే
కింది నేల కదలకుండా చుక్కలు మాత్రమే మారతాయి.
దీనికే మూడు రాత్రులు పట్టింది.
అంతకుముందు ప్రతిసారీ
పటమంతా చెరిపి మళ్లీ గీసేది,
చూసేవాళ్ల కన్ను ఎక్కడ ఆగిందో పట్టించుకోకుండా.
నీలం పనిచేస్తున్నది. ఎరుపు పాడైనది.
దూరం జరిగితే గుంపుకట్టి ఒక్క అంకె అవుతాయి,
దగ్గరికెళితే విడిపోతాయి,
ప్రార్థన ముగిసి చర్చి మెట్లు దిగే జనంలా.

అబీలియు చూడ్డానికొచ్చాడు.
ఆ చుక్కలన్నిటికీ సైకిల్ తొక్కినవాడు తనే,
వరిగట్ల మీద, కొబ్బరితోటల ఇసుకలో.
మౌస్ ముట్టుకోకుండా తెరనే వేలితో పొడిచాడు.
అతని బదులు నేను నొక్కాను.
చిన్న కిటికీ తెరుచుకుంది:
పంపు డెబ్బై ఒకటి. పనిచేస్తోంది.

"పనిచేస్తుంది," అన్నాడు. "నీళ్లూ వస్తాయి.
తాగేవాళ్లే లేరు. ఉప్పు.
సముద్రం నేల కిందనుంచి నడిచొచ్చింది.
ఆడవాళ్లు దాన్ని దాటుకుని
ఇంకో గంట పోతారు."

నీలానికీ ఎరుపుకీ మధ్య
ఆ గంట నడకని ఏ రంగులో పెట్టను?

సోమవారం డైరెక్టర్‌కి చూపించాలి.
"నీలం బాగానే ఉందే" అనే మాట
ఆయన పెదవి మీద ఇప్పట్నుంచే కనిపిస్తోంది.

ఈ రాత్రి కరెంటు పోకముందే
కొత్త వరస ఒకటి చేర్చి
రుచి అని పేరు పెట్టాను.
నూట ముప్పై ఆరు గడులు. నిండింది ఒకటి.
తెలియదు అనడానికి ఆర్ వాడే రెండక్షరాలు
తెర చివరిదాకా దిగుతూనే ఉన్నాయి.

బయట వరండాలో అబీలియు
గొలుసుకి నూనె పెడుతున్నాడు.
మళ్లీ అన్నీ తొక్కాలి,
ఈసారి గ్లాసు పట్టుకుని.