రెండో ప్రూఫు

ఫైలు నెత్తిన ఒకే ఒక్క వాక్యం:
'ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోకూడదు.
కె. ఏకాంబరం, మింట్ స్ట్రీటు.'
దాని కింద నలభై ఒక్క వేల తెలుగు మాటలు
అకారాది క్రమంలో, ఒక్క దీర్ఘమూ జారిపోకుండా.

నేను కట్టే మూట చిన్నదే.
అక్షరదోషాలు పట్టే పనిముట్టు, దానికి తోడు ఈ పట్టిక.
ఎవరికైనా ఊరికే ఇచ్చేయడానికే
రాత్రిళ్ళు కూర్చుని కడుతున్నాను.
ఊరికే ఇవ్వడానికి ఇన్ని కాగితాలా అని
పెరంబూరులో మా ఇంటి ఓనరమ్మ నవ్వింది:
అద్దెకిచ్చేదానికి కూడా ఇంత లేదే!

మార్చే హక్కు ఉండాలి, పంచే హక్కు ఉండాలి,
కావాలంటే అమ్ముకునే హక్కూ ఉండాలి.
ఒక్క 'కూడదు' మిగిలినా
మూట గడప దాటదు.

అందుకని నీళ్ళ లారీ వెనకాలే నడిచి
స్టీలు సామాన్ల కొట్టు పక్క మెట్లెక్కాను.
ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దిన కళ్ళు,
ఇప్పుడొకటే పనిచేస్తుంది, అది చాలంటారు.

'ఉచితంగా ఇస్తానంటావు, మళ్ళీ అమ్మనివ్వమంటావు.
ఇదేం ఉచితం?'
కొన్నవాడు కూడా ఇంకొకరికి ఇవ్వొచ్చండి,
తలుపుకి ఎవరూ గడియ పెట్టలేరు, అన్నాను.
విన్నారు. విననట్టు కిటికీ వైపు చూశారు.

డెబ్భై తొమ్మిదిలో ఒక ప్రెస్సు యజమాని
ఈ మాటలనే తన పేరుతో అచ్చేసి
పన్నెండు రూపాయలకి అమ్మాడట.
ముందుమాటలో ఈయన పేరు లేదు.
'వేసినా సున్నా ఎగరగొట్టి ఏకాబరం అని వేసుండేవాడు.'
నవ్వారో దగ్గారో తెలియలేదు.

'ఉచితమంటే ధర లేనిదని మీ కాలపు అర్థం.
తగినది అని నా పట్టికలో.
నా మాటలు అమ్మడం తగునా తగదా,
అది కదా నువ్వడగాల్సింది?'
పదిహేడు లైసెన్సులు చదివాను,
ఏ క్లాజులోనూ ఈ ప్రశ్న తగల్లేదు.

అనుమతి పత్రం ముందు పెట్టాను, రెండు ప్రతులు.
చొక్కా జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశారు.
'నిరభ్యంతరం'లో యావత్తు ఎగిరిపోయింది,
'హక్కులన్ని'కి దీర్ఘం లేదు,
మూడో వాక్యం దగ్గర పెన్సిలు ఆగింది:
'ఇవ్వబడినవి' అట. ఎవరిచ్చారు?
కర్త లేని వాక్యం కింద
నేనెలా సంతకం చేస్తాను?

'రెండో ప్రూఫు పట్టుకురా.'

ఈ విడుదలకి ఆయన మాటలు లేకుండానే మూట కట్టాను.
సరిగ్గా ఉందో లేదోనని ఆయన పేరు కొట్టి చూశాను.
తెర మీద దాని కింద
వంకరటింకర ఎర్ర గీత.

శనివారం మళ్ళీ ఆ మెట్లెక్కాలి.
మూడో వాక్యం తిరగరాస్తున్నాను:
'ఏకాంబరం అనే నేను ఇస్తున్నాను' అని రాసి
'ఇస్తున్నాను' కొట్టేశాను.
ఆ ఒక్క మాటా
ఆయన చేత్తో పడాల్సింది.